జెట్టీ మీద ఆరు శుక్రవారాలు

తుఫాను వెలిసిన మూడో రోజు కృపమ్మ చేపల కోసం జెట్టీకి వచ్చింది. బహ్రెయిన్ దీవిలోని రిఫాలో ఆమె వంట చేసే ఇంట్లో గురువారం మధ్యాహ్నం చేప లేకపోతే పెద్దావిడ అన్నం ముట్టదు. ఇంటి డ్రైవరు ఎప్పటిలాగే కారు రోడ్డు మీదే ఆపాడు. కృపమ్మ సంచీ చంకన పెట్టుకుని నాలుగడుగులు వేసి ఆగిపోయింది. పోయిన వారం అక్కడ జాలర్లు తలదాచుకునే మూడు రేకుల షెడ్లుండేవి. ఇప్పుడు రెండింటికి పైకప్పు లేదు, మూడోది అసలే లేదు. ఎనిమిది పడవల్లో రెండు మునిగిపోయి ముందు కొసలు మాత్రం నీళ్ళపైకి కనిపిస్తున్నాయి. ఇంకొకటి రాళ్ళగట్టు మీదికెక్కి పక్కకు ఒరిగి ఉంది.

భీమన్న ఆ రాళ్ళ దగ్గర మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తాడు లాగుతున్నాడు. అతనిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు పల్లె. బహ్రెయిన్ వచ్చిన పదకొండేళ్ళుగా జాసిం అనే ముసలాయన పడవలోనే పని చేస్తున్నాడు. రెండేళ్ళ క్రితం ఒక నీటికాకి చేపను ఎత్తుకుపోతుంటే భీమన్న దాన్ని అచ్చ తెలుగులో తిట్టాడు. చేపలు ఏరుకుంటున్న కృపమ్మ అది విని పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె ఇంకెవరి దగ్గరా చేప కొనలేదు.

"మనుషులంతా బాగున్నారా అన్నయ్యా?" అని అరిచింది ఒడ్డు మీంచి.

భీమన్న తాడు వదిలేసి పైకి వచ్చాడు. "అందరం ఉన్నామమ్మా. ఐసు ఫేక్టరీ గదిలోకి పరిగెట్టీసినాం. అదొక్కటే సిమెంటు గోడ. సేపలు మాత్రం నేవు. మళ్ళీ ఎప్పుడుంటాయో తెల్దు."

ఆ దీవిలో చలికాలపు గాలులు ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తాయి. జెట్టీకి అడ్డంగా పోసిన రాళ్ళగట్టు కూడా ఆ వైపే ఉంది. సోమవారం పొద్దున మాత్రం గాలి ఆగ్నేయం నుంచి వచ్చింది. గట్టు లేని వైపు నుంచి సముద్రం నేరుగా లోపలికి నడిచి వచ్చింది. రెండు గంటలు అలా వచ్చి, వెళ్ళి, మళ్ళీ వచ్చి, మధ్యాహ్నానికి ఏమీ ఎరగనట్టు పడుకుంది.

భీమన్న జెట్టీ మీద కుప్పగా పడి ఉన్న ఇనప తీగల చిక్కు చూపించాడు.

"అయ్యే మా గర్గూర్లు."

గర్గూర్ అంటే తీగతో అల్లిన గుమ్మటం లాంటి బుట్ట. లోపల ఎర వేసి సముద్రం అడుగుకు దించుతారు. గరాటు లాంటి నోట్లోంచి చేప లోపలికి వెళ్తుంది, మళ్ళీ బయటికి రాలేదు. ఆ జెట్టీలోని పడవలన్నీ బతికేది ఈ బుట్టల మీదే. పడవకు నలభై చొప్పున మూడు వందలకు పైగా బుట్టలు ఆ రోజు ఒడ్డున పేర్చి ఉన్నాయి. సముద్రం వాటిని ఒకదానిలోకి ఒకటి తొక్కేసింది.

కొంచెం దూరంలో జాసిం ఐసు పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు. పడవ నడిపే పెద్దను ఇక్కడ నోఖదా అంటారు. డెబ్బై దాటిన ఆ నోఖదా సముద్రానికి వీపు పెట్టి రోడ్డు వైపు చూస్తున్నాడు.

"బాబా నిన్న ఒక్క మాట సెప్పినాడు. ఖలాస్ అన్నాడు," భీమన్న గొంతు తగ్గించాడు. "పడవ అమ్మీసి మమ్మల్ని ఇంటికి పంపీస్తాడంట. ఆయన మీద కోపం నేదమ్మా. పడవ బాగు సెయ్యాల, షెడ్డు కట్టాల, ఇంజిను ఇప్పాల. మేం నలుగురం. ఈ బుట్టలన్నీ ఎప్పుడల్లుతాం? సేపకి గిరాకీ రంజాన్ నెల్లోనే. అది మొదలెట్టీసరికి సముద్రంలో ఉండకపోతే ఈ ఏడు ఎల్లిపోయినట్టే."

"మీకేం కావాలో చెప్పండి."

"ఏటీ వొద్దమ్మా," అన్నాడు భీమన్న అలవాటుగా.

కృపమ్మ ఖాళీ సంచీతో వెనక్కి వెళ్ళింది.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంటకు మూడు వ్యాన్లు వచ్చి జెట్టీ దగ్గర ఆగాయి. ఇరవై ఇద్దరు దిగారు. మొగవాళ్ళు ఇస్త్రీ చొక్కాల్లో, ఆడవాళ్ళు మంచి చీరల్లో ఉన్నారు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక విల్లా హాలు అద్దెకు తీసుకుని ప్రతి శుక్రవారం ఆరాధన చేసుకునే తెలుగు క్రైస్తవుల సహవాసం వాళ్ళది. ఆరాధన ముగియగానే అటునుంచి అటే వచ్చేశారు. వాళ్ళకు పెద్ద యెషయా. బాపట్ల వైపు మనిషి, సల్మాబాద్‌లో ఏసీ గొట్టాలకు రేకు వంచే వర్క్‌షాపులో ఫోర్‌మన్. బట్టతల మీద తువ్వాలు చుట్టుకుని, చేతులు జోడించాడు.

"వందనాలండీ. మా కృపమ్మ గారు చెప్పారు. పని చెప్పండి, చేస్తాం."

భీమన్న తన తడి బట్టలూ, వాళ్ళ బట్టలూ చూశాడు. ఇస్త్రీ చొక్కాల వాళ్ళకు ఏం చెప్పాలి? యెషయా కాసేపు చూసి, ప్యాంటు మడిచి షెడ్డులోకి దిగిపోయాడు. మిగతావాళ్ళూ దిగారు. తడిసి బరువెక్కిన పరుపులు బయటికి లాగారు. గదుల్లోని ఇసుక తట్టలతో ఎత్తిపోశారు. ఆడవాళ్ళు గిన్నెలన్నీ తోమి ఎండలో బోర్లించారు. ఎగిరిపోయిన రేకుల్లో పనికొచ్చేవి ఏరి సాయంత్రానికి ఒక షెడ్డుకు పైకప్పు వేశారు. మధ్యలో అందరూ ఇసుక మీద వరసగా కూర్చుని, వాళ్ళు తెచ్చిన చికెన్ బిర్యానీ తిన్నారు. వారంలో అదే మొదటి వేడి అన్నం. భీమన్న పక్కన కూర్చున్న బెంగాలీ జాలరి రెండోసారి వడ్డించుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. మిరపకాయ మీద నెట్టేశాడు.

అంతవరకూ బాగానే ఉంది. వెళ్ళబోయే ముందు వాళ్ళు వ్యాన్లోంచి గోతాలు దించారు. దుప్పట్లు, బట్టలు. ఎవరికి ఏది సరిపోతుందో చూసి తలా ఒకటి ఇస్తున్నారు. భీమన్న చేతిలో ఒకాయన నీలం కోటు పెట్టాడు. పెళ్ళికి వేసుకునే కోటు, జేబులో టై కూడా ఉంది.

భీమన్న దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. పదకొండేళ్ళు ఎవరి దగ్గరా చెయ్యి చాపని మనిషి. ఎక్కడో ఏదో తెగింది.

"కోటెట్టుకుని నానెక్కడికెల్లాలండి?" అన్నాడు. గొంతు అతను అనుకున్న దానికంటే పైకి లేచింది. "మీరు మంచోలే. కాదనను. మాకు గుడ్డలు గాదండి గావాల. ఆ గర్గూర్లు గావాల. అయ్యి ఉంటే మా గుడ్డలు మేం కొనుక్కుంటాం. అయ్యి నేకపోతే మీరెన్ని దుప్పట్లెట్టినా మేం ఎల్లిపోవాలిసినోలమే!"

కోటు ఇచ్చినాయన ముఖం ఎర్రబడింది. యెషయా ఏదో అనబోయాడు. ఈలోపు కృపమ్మ ముందుకొచ్చి కోటు భీమన్న చేతిలోంచి తీసుకుని గోతాంలో పడేసింది.

"నిన్న నేనడిగినప్పుడే ఈ మాట చెప్పుంటే ఈ గోతాలు మోసే బాధ తప్పేదిగా అన్నయ్యా? సరే. అయితే అది నేర్పండి."

"ఏది?"

"బుట్ట అల్లడం."

ఐసు పెట్టె మీద కూర్చున్న జాసిం, గొడవేంటని హిందీలో అడిగాడు. నలభై ఏళ్ళు ఇండియా వాళ్ళతో పని చేసిన ఆయనకు హిందీ బాగానే వచ్చు. భీమన్న చెప్పాడు. ముసలాయన ఐదు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

"మా నాన్న నాకు నేర్పడానికి రెండేళ్ళు పట్టింది," అన్నాడు. "వీళ్ళకు శుక్రవారం ఒక్కటేగా సెలవు?"

"శనివారం కూడా కొందరికి ఉందండీ," అంటూ కృపమ్మ వెళ్ళి ఆయన ఎదురుగా ఇసుకలో కూర్చుంది. జాసిం ఆమె చేతుల కేసి చూశాడు. ముంజేతుల మీద నూనె చిట్లిన మచ్చలు, వేళ్ళ కొసలు గట్టిపడి ఉన్నాయి. ఆయన భీమన్నను తీగ తెమ్మన్నాడు.

ఆయన తీగను మెలిపెట్టి చూపించాడు. గుమ్మటం నడినెత్తిన మొదటి గళ్ళు ఎలా పడాలో, ఒక్కో మెలిక రెండు చుట్లు ఎందుకు తిరగాలో, ఒక చుట్టే తిప్పితే చేప ముట్టెతో పొడిచి గళ్ళను ఎలా వెడల్పు చేస్తుందో చెప్పుకుంటూ పోయాడు. చుట్టూ ఇరవై రెండు తలలు వంగి చూస్తున్నాయి. చీకటి పడేవరకూ ఎవరూ వ్యాన్లు ఎక్కలేదు.

రెండో శుక్రవారం నాటికి తీగ వచ్చింది. యెషయా తనకు వీసా ఇచ్చిన యజమానిని, కఫీల్‌ని, అడిగాడట. ఆ బహ్రెయినీ కుర్రాయన తాత ముత్యాల కోసం సముద్రంలో మునిగినవాడు. జెట్టీ పేరు వినగానే గోడౌనులో మిగిలి ఉన్న తీగ చుట్టలన్నీ వ్యానుకెక్కించమన్నాడు. తీగతో పాటు పట్టకార్లు, కట్టర్లు, వాటితో పాటు దేవేందర్ వచ్చాడు.

దేవేందర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. అదే వర్క్‌షాపులో వెల్డర్. సహవాసం మనిషి కాదు. కట్టర్లు తనవి కాబట్టి, తనవి ఎవరికీ అప్పగించడు కాబట్టి వాటి వెంట వచ్చాడు. యెషయా వాళ్ళు పని మొదలుపెట్టే ముందు తలలు వంచి ప్రార్థన చేసుకుంటుంటే అతను వ్యానులోనే కూర్చుని సెల్‌ఫోన్ చూసుకున్నాడు. తర్వాత మెల్లగా వచ్చి భీమన్న పక్కన నిలబడ్డాడు.

"నువ్వు గూడ వాళ్ళ మందేనా అన్నా?"

"కాదు బాబూ. మాది గంగమ్మ తల్లి."

"మరి నిన్ను ప్రార్థనకు రమ్మనలేదా?"

"ఇంకా అడగనేదు," అన్నాడు భీమన్న. ఆ అనుమానం వారం నుంచి అతని మనసులోనూ తిరుగుతోంది.

దేవేందర్ కూర్చుని తీగ చేతిలోకి తీసుకున్నాడు. అతని వేళ్ళు కదులుతుంటే భీమన్న తన పని ఆపి చూడసాగాడు. ఒక మెలిక, రెండో మెలిక, చిటికెన వేలితో నొక్కి మూడోది. సముద్రం ఎరగని మనిషికి అంత చురుకు ఎక్కడిది?

"మా అమ్మ బీడీలు చేసెటిది," అన్నాడు దేవేందర్ తలెత్తకుండా. "ఆకు చుట్టుడు ఆమెది, దారం కట్టుడు నాది. బడికి పోయే ముందల ఐదు వందలు కట్టెటోణ్ణి. గీ తీగ ఎంత?"

ఆ సాయంత్రానికి దేవేందర్ ఒక బుట్ట పూర్తి చేశాడు. ఇంకెవరూ సగం దాటలేదు. వెళ్ళేటప్పుడు కట్టర్లు షెడ్డులోనే వదిలేసి వెళ్ళాడు.

మధ్యలోని రోజుల్లో కూడా పని సాగింది. సల్మాబాద్ వర్క్‌షాపులో డ్యూటీ అయ్యాక ఒక గంటసేపు యెషయా, దేవేందర్, ఇంకో ఐదారుగురు అక్కడే కూర్చుని అల్లేవాళ్ళు. కార్మికులుండే క్యాంపులోని నిజామాబాద్ వాళ్ళు ఇద్దరు, ఏం చేస్తున్నారో చూద్దామని వచ్చి వాళ్ళూ కూర్చున్నారు. రిఫాలో కృపమ్మ వంట పని ముగిశాక పెరట్లో తీగ ముందేసుకునేది. జెట్టీలో జాలర్లు మునిగిన పడవలను పైకి తేల్చారు. రాళ్ళ మీదికెక్కిన జాసిం పడవను దించి, పగిలిన అడుగుకు ఫైబరు పట్టీలు వేస్తున్నారు. జాసిం ఇప్పుడు సముద్రం వైపు తిరిగి కూర్చుంటున్నాడు. ఖలాస్ అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

మూడో శుక్రవారం కృపమ్మ మిగతావాళ్ళ కంటే ముందే వచ్చింది. ఆరాధనకు వెళ్ళకుండా ఇంటివాళ్ళ కారులో నేరుగా వచ్చేసింది. పెద్ద గిన్నె నిండా పులిహోర తెచ్చింది. షెడ్డు వెనక భీమన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అతని ముందు వారమంతా సహవాసం వాళ్ళు అల్లి పంపిన బుట్టలున్నాయి. అతను వాటిని విప్పుతున్నాడు.

కృపమ్మ గిన్నె కింద పెట్టింది. భీమన్న తలెత్తి చూసి, దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాడిలా పట్టకారు పక్కన పెట్టేశాడు.

"ఎన్ని?" అంది.

"ఇరవయ్యొకటి," అన్నాడు. "మెలిక వదులయిపోనాది. రెండు సుట్లు తిప్పాల, ఒకటే తిప్పినారు. నీటిలోకి దించితే సేప బయటికెల్లిపోద్ది. మీరు రాకముందే ఇప్పీసి మళ్ళీ అల్లీద్దారనుకున్నాను. మీకు తెలీకండా."

"అందులో నావి కూడా ఉన్నాయా?"

భీమన్న రెండు బుట్టలు వేలితో చూపించాడు.

కృపమ్మ వాటిని తీసి ఎదురుగా కూర్చుంది. ముఖం కొంచెం చిన్నబోయింది గాని, పట్టకారు అందుకుని తన బుట్ట తనే విప్పడం మొదలెట్టింది. "కూరలో ఉప్పెక్కువైతే మా పెద్దావిడ కంచం తోసేస్తుంది. అప్పుడే కదా నాకు వంటొచ్చింది. వాళ్ళు రాగానే ఈ ముక్క అందరికీ చెప్పండి. ఏమీ అనుకోరు. అనుకుంటే నేనున్నాను."

ఇద్దరూ మెలికలు విప్పారు. చిక్కుపడ్డ తీగను లాగితే బిగుసుకుంటుంది. కొస పట్టుకుని వెనక్కి వెళ్ళాలి.

"ఒక మాటడగొచ్చా అమ్మా?" అన్నాడు భీమన్న. "మీరంతా ఎందుకొచ్చారు? తప్పుగా అనుకోకండి. మా కుర్రోలు ఒక రకంగా అనుకుంటన్నారు. మమ్మల్ని మీలో కలుపుకుందారని వొచ్చారేమోనని. మీకు మేం ఏటవుతాం?"

కృపమ్మకు కోపం రాలేదు. పట్టకారు ఒళ్ళో పెట్టుకుంది.

"మాది కోనసీమ. తొంభై ఆరు తుఫాను నాటికి నాకు పదిహేడేళ్ళు. మా ఇల్లు పోయింది, కొబ్బరి చెట్లు పోయాయి, మా నాన్న పోయాడు. నాన్నని వెతుకుతూ నాలుగు రోజులు బురదలో తిరిగాను. ఐదో రోజు గుడ్డలూ బియ్యం పట్టుకుని చాలామంది వచ్చారు. ఎవరెవరో ఏమేమిచ్చారో నాకు గుర్తులేదన్నయ్యా. ఒకావిడ మాత్రం గుర్తుంది. తెల్లచీర కట్టుకున్న సిస్టరు. ఏ ఊరో, ఏ భాషో తెలీదు. నా జుట్టంతా బురదతో అట్టకట్టి ఉంటే, బడి అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు పోస్తూ, కొసల నుంచి చిక్కు తీసుకుంటూ వచ్చింది. కత్తిరించేస్తే ఐదు నిమిషాల పని. ఆవిడ కత్తిరించలేదు. గంట పట్టిందో, రెండు గంటలు పట్టిందో. ఒక్క మాట మాట్లాడలేదు, ఆవిడ మాట నాకు అర్థం కాదని తెలుసు గనక. జడ వేసి, రిబ్బను లేకపోతే గుడ్డపీలిక కట్టింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా రాలేదు."

ఆమె ముక్కు ఎగబీల్చి మళ్ళీ పట్టకారు తీసుకుంది.

"ఆవిడకి నేను వందనాలు కూడా చెప్పలేదు. వ్యానెక్కి వెళ్ళిపోయింది. ఎక్కడుందో దేవుడికి తెలుసు. ఆ రుణం ఆవిడకి నేనెలాగూ తీర్చలేను. మొన్న ఇక్కడికొచ్చి ఈ తీగల కుప్ప చూస్తే అదే గుర్తొచ్చింది. ప్రభువు నన్ను పంపించాడని నేననుకుంటాను. మీరు గంగమ్మ తల్లి పంపించిందనుకోండి. నాకేం అభ్యంతరం లేదు."

భీమన్న లేచి, గిన్నె మీద ఈగలు వాలకుండా తన తువ్వాలు కప్పి వచ్చాడు.

"నీ మెలిక బిగువు బాగానే ఉంటాది సెల్లెమ్మా. తొందరపడతన్నావు, అంతే," అన్నాడు. ఆమెను చెల్లెమ్మా అని పిలవడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం భీమన్న అందరినీ కూర్చోబెట్టి విప్పిన బుట్టలు చూపించాడు. మొహమాటపడుతూనే మొదలుపెట్టాడు గాని, కాసేపటికి మేస్టారు అయిపోయాడు. "ఇదెవులిది? బాబూ, ఇందులోంచి సేప గాదు, పిల్లి కూడా దూరిపోద్ది" అంటే, ఆ బాబు, రిఫాలో బ్యాంకు ఉద్యోగి, చెయ్యెత్తి ఒప్పుకున్నాడు. అందరూ నవ్వారు. పని మధ్యలో జాసిం సాయంత్రపు అసర్ నమాజుకు లేస్తే పట్టకార్లన్నీ వాటంతటవే ఆగేవి. ఆయన వచ్చి కూర్చున్నాక మళ్ళీ టకటకలు మొదలయ్యేవి. అలా ఆపమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

నాలుగో శుక్రవారానికి సముద్రంలోకి పనికొచ్చే బుట్టలు ఎనభై తయారయ్యాయి. వాటిని జెట్టీ మీద పేర్చారు. ముందుగా జాసిం పడవకు నలభై వేద్దామన్నాడు యెషయా. సహవాసం వాళ్ళు వచ్చిందే భీమన్నను చూసి, భీమన్నది జాసిం పడవ. మిగతా పడవల వాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారు. వాళ్ళూ అల్లారు, వాళ్ళ చేతులూ తీగ కోసుకుని ఉన్నాయి.

జాసిం కర్ర ఊతంతో లేచి వచ్చి బుట్టల మధ్య నిలబడ్డాడు.

"నా పడవ అడుగు ఇంకా ఆరలేదు," అన్నాడు. "ఈసా పడవ తేలుతోంది. హసన్ పడవ తేలుతోంది. తేలే పడవకు బుట్టలు లేకుండా, తేలని పడవ ముందు బుట్టలు పేరుస్తారా? ముందు వాళ్ళకు ఎక్కించండి. వాళ్ళు తెచ్చిన చేప అందరం తింటాం. యల్లా, కదలండి!"

భీమన్న మనసులో రోజులు లెక్కేసుకున్నాడు. రంజాన్ నెలకు ఇంకా రెండు వారాలే ఉంది. తమ వంతు రాకపోతే? అయినా అతనే వంగి మొదటి బుట్ట భుజానికెత్తుకుని ఈసా పడవ వైపు నడిచాడు. వెనకే దేవేందర్ రెండు ఎత్తుకున్నాడు. ఆ తర్వాత అందరూ. ఎనభై బుట్టలూ అరగంటలో రెండు పడవల మీదికి చేరాయి.

ఆ వారం ఈసా మనుషులు పొద్దున సముద్రం మీదికి వెళ్ళి, మధ్యాహ్నం తిరిగి వచ్చి, సాయంత్రాలు జాసిం పడవ దగ్గర కూర్చుని అల్లారు. హసన్ మనుషులు ఇంజిను పని అందుకున్నారు. అంతకుముందు ఆ పడవల వాళ్ళు ఒకరి చోటు ఒకరు కనిపెట్టి బుట్టలు దించుతున్నారని పోట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఒకే పొయ్యి మీద టీ కాచుకున్నారు. ఐదో శుక్రవారం నాటికి జాసిం పడవ మీద ముప్పై ఎనిమిది బుట్టలున్నాయి. మిగతా రెండూ సహవాసం వాళ్ళు ఆ మధ్యాహ్నం అక్కడికక్కడే అల్లి ఇచ్చారు.

మర్నాడు ఉదయం పడవ బయల్దేరింది. జాసిం చుక్కాని దగ్గర నిలబడ్డాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చోటు రాగానే ఇంజిను నెమ్మదించింది. భీమన్న ఎర వేసి ఒక్కో బుట్టనూ అంచు మీంచి దించాడు. దించేటప్పుడు గంగమ్మ తల్లి పేరు తలచుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు ఆ పేరు తర్వాత ఇంకో పేరు కూడా నోటికి వచ్చింది. ఐదు శుక్రవారాలు పక్కన కూర్చుని నేర్పాడు. ఎవరి మెలిక ఎలా తిరుగుతుందో అతని వేళ్ళకు తెలుసు. ఇది యెషయా బాబుది. ఇది దేవేందర్‌ది. ఇది బ్యాంకు బాబుది. ఇది సెల్లెమ్మది. నలభై బుట్టలూ దిగేసరికి అతను చేతి వెనకతో కళ్ళు తుడుచుకున్నాడు. జాసిం ఏమైందని అడిగితే, ఉప్పునీళ్ళు కళ్ళలో పడ్డాయన్నాడు.

ఆరో శుక్రవారం మధ్యాహ్నం. మర్నాటి నుంచి ఉపవాసాలు. ఉమ్మ్ అల్ హస్సామ్ హాల్లో ఆరాధన చివరికి వచ్చి పాట పాడుతుండగా వెనక తలుపు తెరుచుకుంది. జుమ్మా నమాజు చేసుకుని తెల్లని దుస్తుల్లో జాసిం వచ్చాడు. ఆయన వెనక భీమన్న, మరో ఇద్దరు జాలర్లు పెద్ద ఐసు పెట్టె మోసుకొచ్చారు. పాట ఆపబోతే జాసిం చేత్తో వారించి ఆఖరి వరసలో ఒక కుర్చీలో కూర్చున్నాడు. పాట అయ్యేవరకూ అలాగే కూర్చున్నాడు.

దేవేందర్ కూడా అక్కడే ఉన్నాడు. ప్రార్థనకు కాదు, భోజనానికి వచ్చానని అందరికీ ముందే చెప్పాడు.

చేపలు వంటింట్లోకి వెళ్ళాయి. కృపమ్మ కొంగు బిగించింది. పులుసు ఒక పొయ్యి మీద, వేపుడు ఇంకో పొయ్యి మీద. అవి ఉడికేలోపు యెషయా, భీమన్నను ముందుకు పిలిచి రెండు మాటలు చెప్పమన్నాడు. భీమన్న కుర్చీల మధ్య నిలబడి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకు మాటలాడ్డం రాదండి," అన్నాడు చివరికి. "మొదటి రోజు మీ మీద అరిసీసినాను. అదొచ్చు గానీ ఇది రాదు. ఏటి పడ్డాదో సెప్తాను. యెషయా బాబు బుట్టలో పదకొండు సాఫీ సేపలు. బ్యాంకు బాబుది, ముందు పిల్లి దూరిపోద్దన్నాను కదండీ, దాంట్లో ఆరు. దేవేందర్ మొదటి బుట్టలో ఏటీ నేదు. రెండో దాంట్లో ఇదిగో, ఇంత హమూరు సేప. ఇద్దరం పట్టుకుని లాగినాం."

"గట్లనా!" అని దేవేందర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

భీమన్న ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ వెళ్ళాడు. ఎవరి పేరూ మరవలేదు. తన పేరు వినబడినప్పుడల్లా ఆ మనిషి కళ్ళు దించుకోవడమో, పక్కవాళ్ళను చూసి నవ్వడమో చేస్తున్నారు. కృపమ్మ గరిటె చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మా సెల్లెమ్మ బుట్టలో ఒక్కటే పడ్డాది. పెద్ద పీత. మిగతా సేపల్ని లోపలికి రానిచ్చుండదు."

హాలంతా ఘొల్లుమంది. కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, తర్వాత ఆ కొంగుతోనే కళ్ళొత్తుకుంది.

నవ్వులు తగ్గాక భీమన్న ముందుకొచ్చి నేలకు వంగి దండం పెట్టబోయాడు. యెషయా గబుక్కున భుజాలు పట్టుకుని లేపాడు. "అయ్యయ్యో, వద్దు బ్రదర్. మాకు పని నేర్పారు. మేమే మీకు చెప్పాలి," అన్నాడు. ఇద్దరూ అలాగే కాసేపు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నిలబడ్డారు. జాసిం వెనక వరసలోంచి ఏదో అరబ్బీలో గట్టిగా అన్నాడు. దేవుడు మీకు మేలు చెయ్యాలి అని దాని అర్థమని పక్కనున్నాయన చెప్పాడు.

అందరూ తిన్నారు. జాసిం పులుసు రెండుసార్లు వేయించుకుని, ఇంత కారం వేసి మంచి చేపను పాడు చేశారన్నాడు. ఇంకా ఐదు పడవలకు బుట్టలు కావాలి. రంజాన్ నెలంతా ఉపవాసం విడిచే వేళ అయ్యాక వస్తామని సహవాసం వాళ్ళు మాటిచ్చారు. శనివారాలు సల్మాబాద్ నుంచి ఒక వ్యాను పంపిస్తానని యెషయా అన్నాడు. ఆ వ్యానులో తన క్యాంపు నుంచి ఎనిమిది మంది వస్తారని, వాళ్ళకు బీడీలు కట్టడం వచ్చని దేవేందర్ చెప్పాడు.

మూడింటికి అదే హాల్లో మలయాళీల ఆరాధన. తెలుగువాళ్ళు గబగబా కుర్చీలు మడతపెట్టడం మొదలెట్టారు. జాసిం కర్ర గోడకు ఆనించి, తన కుర్చీ తనే మడతపెట్టి ఇంకోటి అందుకున్నాడు.

"మీరు కూర్చోండి బాబా, మీరు అతిథులు," అన్నాడు యెషయా కంగారుగా.

"నువ్వు నా జెట్టీ మీద కూర్చున్నావా?" అన్నాడు జాసిం.

యెషయా నవ్వి తప్పుకున్నాడు. భీమన్న అప్పటికే నాలుగు కుర్చీలు చంకన పెట్టుకుని, వాటిని ఎక్కడ పేర్చాలని కృపమ్మను అడుగుతున్నాడు.